మెట్లెక్కే సాధన: తిరుపతి మిత్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పేదపిల్లల వైద్యానికి చందాలు పోగుచేసేందుకు హైదరాబాదులో ఒక నలభై అంతస్తుల భవనం మెట్లెక్కే కార్యక్రమం ఉంది. దానికోసం తిరుపతిలో మా స్నేహితులం కొందరం కలిసి సాధన చేస్తున్నాం. బ్యాంకులో పనిచేసేవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు, ఇంటి పట్టున ఉండే అక్కలు, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేసే పిల్లలు అందరూ ఉన్నాం. కొత్తగా ఎవరు చేరినా అవే సందేహాలు అడుగుతున్నారు. ఎవరికి వారికి వాయిస్ మెసేజ్‌లు పెట్టే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకు

మేము కొండకు నడిచి పోయినోళ్లమే కదన్నా, మళ్లీ ఈ సాధన ఎందుకు?

తిరుపతిలో పుట్టిన ప్రతివాళ్లూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. నలభై అంతస్తులకు అంతస్తుకు ఇరవై చొప్పున వేసుకున్నా ఎనిమిది వందలే. అంకెలు చూస్తే నవ్వొస్తుంది.

కానీ అలిపిరిలో మనం ఎలా ఎక్కుతాం? కాసేపు ఎక్కి మండపంలో కూర్చుంటాం, మజ్జిగ తాగుతాం, వెనకబడిన పెద్దమ్మ కోసం ఆగుతాం. గాలిగోపురం దాటాక చాలా దూరం దాదాపు చదునుగానే నడుస్తాం. భవనంలో అవేవీ ఉండవు. పది మెట్లు, మలుపు, మళ్లీ పది మెట్లు. ఆగకుండా నిమిషానికి అరవై మెట్లు ఎక్కినా పదమూడు నిమిషాలు పడుతుంది. అంతసేపూ గుండె దడ తగ్గే చోటు ఒక్కటీ దొరకదు. కొండకు కావలసింది ఓర్పు, దీనికి కావలసింది దమ్ము.

మెట్లెక్కడం కూడా ఒక పోటీయేనా? ఇంట్లో నవ్వుతున్నారు.

నవ్వనివ్వండి. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనంలో 1978 నుంచి ఇలాంటి పరుగు జరుగుతోంది: 86 అంతస్తులు, 1,576 మెట్లు. మనం ఎక్కేది అందులో సగమే. పైగా మనది పోటీ కాదు, పైకి చేరితే చాలు. టైం రాస్తారు గానీ, దాని గురించి మాట్లాడుకునేది మన కుర్రాళ్లే.

మోకాళ్ల నొప్పులున్నాయి. చేరొచ్చా?

నొప్పి ఎప్పుడొస్తుందో గమనించండి. కొత్తగా నాలుగు రోజులు ఎక్కినందుకు తొడలు, పిక్కలు పట్టేస్తే అది కండరాల నొప్పి, దానంతటదే తగ్గుతుంది. మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ పొడిచినట్టు ఉండటం, కింద కూర్చుని లేవలేకపోవడం, వాపు, కాలు మధ్యలో పట్టేసి చాచలేకపోవడం లాంటివి ఉంటే ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోండి. అరుగుదల ఉందని ఇంతకుముందే తేలినవాళ్లు చందా సేకరణ పని తీసుకోండి. నిజం చెప్పాలంటే మాకు అక్కడే మనుషులు తక్కువ.

నాకు బీపీ, షుగర్ ఉన్నాయి. డాక్టర్‌ను అడగాలా?

అడగాలి. "వాకింగ్ చేయొచ్చా" అని కాకుండా "ఎనిమిది వందల మెట్లు ఆగకుండా ఎక్కొచ్చా" అని అడగండి. మొదటి ప్రశ్నకు ఏ డాక్టరైనా సరే అంటారు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవాళ్లు ఉన్న కుటుంబాలవాళ్లు అడగకుండా మొదటి మెట్టు కూడా ఎక్కొద్దు.

ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు జేబులో గ్లూకోజ్ పొట్లం పెట్టుకోవాలి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే అది మెట్ల అలసటో షుగర్ పడిపోవడమో అక్కడికక్కడ తేల్చుకోలేం, కాబట్టి ముందు గ్లూకోజ్ నోట్లో వేసుకోవడమే. బీపీకి వాడే కొన్ని మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. ఆ మాత్రలు వాడేవాళ్లు చేతి గడియారంలో కనిపించే అంకెను నమ్ముకుని వేగం పెంచకూడదు. గర్భిణులు ఈసారికి వద్దు.

బరువు తగ్గుతానా?

లెక్క వేద్దాం. డెబ్భై కిలోల మనిషి ఒక అంతస్తు ఎక్కితే ఖర్చయ్యేది సుమారు రెండు కేలరీలు. ఒక ఇడ్లీ నలభై కేలరీల పైమాటే. అంటే ఒక ఇడ్లీ అరగాలంటే ఇరవై అంతస్తులు. ఇక మసాలా దోసె లెక్క మీరే వేసుకోండి. దమ్ము పెరుగుతుంది, కాళ్లకు బలం వస్తుంది, రాత్రి నిద్ర పడుతుంది. బరువు కోసమే అయితే పళ్లెం వైపు చూడాలి.

## సాధన మొదలుపెట్టాక

తిరుపతిలో ఎక్కడ ఎక్కాలి? ఇక్కడ పెద్ద బిల్డింగులేవీ లేవు కదా.

అక్కర్లేదు. మన ఊళ్లో ఎక్కువగా కనిపించే అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ చాలు. పది అడుగుల అంతస్తు, ఆరంగుళాల మెట్టు, అంటే అంతస్తుకు ఇరవై మెట్లు. ఎనిమిదిసార్లు ఎక్కితే నలభై అంతస్తులు. లిఫ్ట్ ఉన్న అపార్ట్‌మెంట్ అయితే ఇంకా మంచిది, ఎక్కి లిఫ్ట్‌లో దిగొచ్చు. ఎక్కే ముందు రెండు విషయాలు చూసుకోండి: రెయిలింగ్ ఊగకూడదు, అన్ని మెట్లూ ఒకే ఎత్తులో ఉండాలి. కొన్ని పాత భవనాల్లో చివరి మెట్టు ఒక అంగుళం ఎక్కువో తక్కువో ఉంటుంది, కాలు తడబడేది సరిగ్గా అక్కడే.

యూనివర్సిటీ వైపు ఉండేవాళ్లు స్టేడియం గ్యాలరీ గురించి అడుగుతున్నారు. అనుమతి ఉన్న వేళల్లో నడక మెట్ల మీద ఎక్కండి, కూర్చునే గట్ల మీద కాదు. ఆ గట్ల ఎత్తు మామూలు మెట్టుకు రెండింతలు పైనే ఉంటుంది, మోకాలికి పని లేని శ్రమ. రైల్వే స్టేషన్ ఫుట్‌ఓవర్ బ్రిడ్జి వద్దే వద్దు. సూట్‌కేసులు, గుండ్లు, చంటిపిల్లలు, ఎప్పుడు చూసినా ఒక రైలు దిగిన జనం. అక్కడ మనం అడ్డం. కపిలతీర్థం మెట్లు తడిగా ఉంటాయి, అది స్నానాల చోటు, దాన్నీ వదిలేయండి.

అలిపిరి మెట్లు పక్కనే ఉండగా అపార్ట్‌మెంట్లో తిరగడమేంది సామీ?

ఈ ఒక్క విషయంలో మా బృందం గట్టిగా ఉంది. కొండకు ఎన్నిసార్లయినా నడిచి పోండి, స్టాప్‌వాచ్ మాత్రం పట్టుకుని పోకండి.

ఆ మెట్ల మీద మనకంటే ముఖ్యమైన పని మీద వచ్చినవాళ్లు ఉంటారు. ఒకామె ప్రతి మెట్టుకూ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కర్పూరం వెలిగిస్తూ వస్తుంటుంది. ఇంకొకాయన మోకాళ్ల పర్వతం దగ్గర నిజంగానే మోకాళ్ల మీద ఎక్కుతుంటాడు. ఆ కొండ మీద కాలు మోపకూడదని రామానుజాచార్యులు అక్కడ మోకాళ్లతో ఎక్కారని చెబుతారు. అలాంటి చోట షూస్ వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, "సైడ్ సైడ్" అంటూ పైకి దూసుకుపోవడం చూడ్డానికే బాగుండదు. చెప్పులు లేకుండా పరిగెత్తితే పసుపు తడి మీద జారతారు.

అడవి సంగతి వేరే ఉంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఆరేళ్ల పాప చనిపోయింది. ఆ తర్వాత పన్నెండేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలోకి పంపకూడదని నిర్ణయించారు, భక్తులను గుంపులుగా నడవమన్నారు. తెల్లవారుజామున ఒంటరిగా పరుగు తీయాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ దూరంలోనే కొండెక్కించేస్తుంది, అంత నిటారు. 2021 నవంబరు వానలకు దెబ్బతిని, మళ్లీ 2022 మేలోనే తెరిచారు. వానాకాలంలో దేవస్థానం ప్రకటన చూడకుండా బయల్దేరొద్దు.

శ్రీకాళహస్తిలో కన్నప్ప కొండ మెట్ల గురించి అడిగిన తమ్ముళ్లకూ ఇదే మాట. దర్శనానికైతే సంతోషంగా పోండి.

వారానికి ఎన్ని రోజులు, ఎంతెంత ఎక్కాలి?

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. మొదటి రెండు వారాలు అయిదంతస్తులు నాలుగుసార్లు, ప్రతిసారీ కింద రెండు నిమిషాలు ఆగి. తర్వాత వారానికి ఒకసారి చొప్పున పెంచుకుంటూ ఎనిమిది దాకా రండి. మూడు రోజుల్లో ఒక రోజు మాత్రం వేగం పెంచాలి: ఒక అంతస్తు గబగబా, రెండు అంతస్తులు నింపాదిగా. మిగతా రెండు రోజులూ నింపాదిగానే. రోజూ ఎక్కితే తొందరగా దమ్ము వస్తుందనుకునేవాళ్లు మూడో వారానికి పిక్క పట్టుకుని కూర్చుంటారు. కార్యక్రమానికి ముందు వారం సగానికి తగ్గించేయండి.

ఒక్కో మెట్టు ఎక్కాలా, రెండేసి మెట్లా?

పొడుగు కాళ్లవాళ్లకు రెండేసి బాగుంటుంది, కానీ తొడలు త్వరగా మండుతాయి. ఒక్కోటి ఎక్కితే అడుగులు ఎక్కువ, గుండె దడ ముందొస్తుంది. మాలో చాలామంది రెండూ కలిపి ఎక్కుతారు. అయిదంతస్తులు ఒక్కోటి, ఒక అంతస్తు రెండేసి. ఎలా ఎక్కినా పాదం సగం బయటికి వేలాడకూడదు, మడమ దాకా మెట్టు మీద ఆనాలి. అప్పుడే పిరుదులు, తొడల బలంతో లేస్తాం, పిక్కల మీద భారం పడదు.

చెయ్యి ఊరకే ఉంచొద్దు. రెయిలింగ్ పట్టుకుని లాగితే కాళ్ల మీద భారం కొంత తగ్గుతుంది, అందులో మోసమేమీ లేదు. మలుపులో లోపలి వైపు ఉండండి, దూరం తగ్గుతుంది. మెట్లన్నీ ఒకే వైపు తిరుగుతుంటే కొందరికి కళ్లు తిరుగుతాయి. అలాంటప్పుడు పాదాల వైపు కాకుండా అయిదారు మెట్ల పైకి చూడండి.

మూడో అంతస్తుకే ఆయాసం వస్తోంది. నావల్ల కాదేమో?

వేగం ఎక్కువైందని అర్థం, అంతే. పక్కన నడిచేవాళ్లతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. "ఆ", "ఊ" తప్ప మాట రాకపోతే తగ్గించాలి. రెండు మెట్లకు గాలి పీల్చడం, రెండు మెట్లకు వదలడం అలవాటు చేసుకోండి. ఆయాసంలో అందరం పీల్చడం మీదే దృష్టి పెడతాం, వదలడం మరిచిపోతాం. ఆగి అయిదు నిమిషాలు కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే మాత్రం డాక్టరుకు చూపించుకోవాలి.

ఎక్కడం కంటే దిగిన మర్నాడే నొప్పులు ఎక్కువ. ఎందుకు?

దిగేటప్పుడు ప్రతి మెట్టుకూ ఒంటి బరువును తొడ కండరం బ్రేకు వేసి ఆపుతుంది. అప్పుడు ఆ కండరం సాగుతూనే బిగుసుకోవాలి. కండరం లోపలి పోగులు దెబ్బతినేది ఆ పనిలోనే. అందుకే నొప్పి వెంటనే కాకుండా ఒకటి రెండు రోజుల తర్వాత ముదురుతుంది. మోకాలి చిప్ప మీద కూడా దిగేటప్పుడే ఒత్తిడి ఎక్కువ. కొత్తల్లో లిఫ్ట్‌లో దిగండి. లిఫ్ట్ లేకపోతే రెయిలింగ్ పట్టుకుని, ముందు వేళ్లు ఆనించి, నిదానంగా దిగండి. పరిగెత్తుతూ దిగేవాళ్లను మా బృందంలో ఉంచుకోం. అయితే దిగడం పూర్తిగా మానేయొద్దు. వారానికి ఒకటి రెండుసార్లు కొద్దిగా దిగుతుంటే కండరం ఆ పనికి అలవాటుపడి తర్వాత అంత నొప్పి పెట్టదు.

అపార్ట్‌మెంట్ వాళ్లు ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

వాళ్ల వైపు నుంచి చూడండి. పొద్దున్నే అయిదున్నరకు తలుపు బయట ధబధబమని ఆరుగురు పరిగెడితే ఎవరికైనా కోపమే. ముందు అసోసియేషన్ పెద్దను కలిసి, ఏ రోజులు, ఎంతసేపు, ఎందుకోసం అన్నది చెప్పండి. ముగ్గురికి మించి ఒకేసారి ఎక్కొద్దు, ల్యాండింగ్‌లో నిలబడి కబుర్లొద్దు, స్పీకర్లో పాటలు అసలే వద్దు. వాచ్‌మన్ భార్య మెట్లు తుడిచే వేళ తెలుసుకోండి. నున్నటి గ్రానైట్ మీద నీళ్ల బకెట్ కదిపిన చోట సన్నటి తడి చార ఉంటుంది, ట్యూబులైటు వెలుగులో అది అసలు కనిపించదు. ఒక్కో తలుపు ముందు వదిలిన చెప్పులు, పిల్లల సైకిలు, తులసి కుండీ ఉంటాయి. తగలకుండా పోవాలి, జరపకూడదు.

మేము ఎక్కే చోట మూడో అంతస్తు పెద్దాయన కొన్నాళ్లు "ఎవరింటికి బాబూ?" అని అడిగి అడిగి, ఇప్పుడు పేపర్ చదువుతూ మా రౌండ్లు లెక్కపెడుతున్నారు. మేము ఎప్పుడైనా ఒకటి తప్పించబోయినా ఒప్పుకోరు.

షూస్ కొనాలా?

ఉన్నవాటితో చాలు, అడుగు అరిగిపోకుండా ఉంటే. మెత్తటి లావు అడుగున్న రన్నింగ్ షూస్ కంటే పలచటి, పట్టున్న అడుగు మెట్లకు నయం. లేసులు ముడివేసి చివరలు లోపలికి దోపండి.

ఎండాకాలంలో ఎలా?

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో నలభై డిగ్రీలు దాటడం మామూలే, అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర గాలి కూడా ఆడదు. పొద్దున ఏడు లోపల ముగించండి. సాయంత్రం గోడలు ఇంకా వేడి కక్కుతుంటాయి కాబట్టి చీకటి పడ్డాకే. అరగంటలోపు సాధనకు మంచినీళ్లు సరిపోతాయి. అంతకు మించితే, బాగా చెమట పడితే, ఓఆర్ఎస్ పొట్లం ఒక లీటరు నీళ్లలో కలిపి తాగండి. గ్లాసు నీళ్లలో పొట్లమంతా గుమ్మరించకూడదు. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. తల తిరగడం, చెమట ఆగిపోయి ఒళ్లు కాలిపోవడం, మాట తడబడటం వడదెబ్బ గుర్తులు. నీడకు చేర్చి, తడిగుడ్డతో తుడుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

## చందాల గురించి

చందా అడగాలంటే మొహమాటంగా ఉంది. ఎలా మొదలుపెట్టాలి?

"నాకు డబ్బులివ్వండి" అనొద్దు. "నేను నలభై అంతస్తులు ఎక్కుతున్నా, అంతస్తుకు పది రూపాయలు మీ తరఫున వేస్తారా?" అని అడగండి. నాలుగు వందలే కాబట్టి చాలామంది సరే అంటారు, ఇచ్చినవాళ్లు మీరు ఎక్కారో లేదో కూడా కనుక్కుంటారు. పిన్ని, బాబాయి, మేనత్తలతో మొదలుపెట్టండి. ఆఫీసులో మీ కింద పనిచేసేవాళ్లను అడగకండి, వాళ్లు కాదనలేరు. గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసి ఊరుకుంటే ఒక్క రూపాయి రాదు, దండం బొమ్మలు మాత్రం వస్తాయి. ఫోన్ చేయాల్సిందే.

డబ్బు ఎవరి ఖాతాలో వేయించాలి?

నేరుగా సేవాసంస్థ ఖాతాలోనే. మీ ఫోన్‌పేకు వేయించుకుని తర్వాత కలిపి పంపుతానంటే రసీదు మీ పేరున వస్తుంది, లెక్క చెప్పుకోలేక టెన్షన్ మీకు మిగులుతుంది. పేరు నమోదుకు కట్టే రుసుం వేరు, చందా వేరు. రుసుం టీషర్టుకు, ఏర్పాట్లకు పోతుంది. ఇచ్చేవాళ్లకు ఆ తేడా ముందే చెప్పండి.

పన్ను మినహాయింపు వస్తుందా?

సంస్థకు విరాళాలపై పన్ను మినహాయింపు గుర్తింపు (80జీ అని పేరుపడ్డది) ఉండి, ఇచ్చినవాళ్లు పాత పన్ను విధానంలో ఉంటేనే. కొత్త విధానం ఎంచుకున్నవాళ్లకు రాదు. రెండు వేల రూపాయలు దాటిన నగదుకు, బియ్యం, మందుల్లాంటి వస్తువులకు కూడా వర్తించదు. మామూలు రసీదు ఒక్కటే సరిపోదు, ఆదాయపు పన్ను శాఖ చెప్పిన నమూనాలో సంస్థ విరాళం ధ్రువపత్రం ఇవ్వాలి. పాన్ నంబరు మొదటే తీసుకుంటే ఆ తర్వాత వెంటపడే పని ఉండదు.

పైదాకా ఎక్కలేకపోతే చందా తిరిగివ్వాలా?

అక్కర్లేదు. ఎక్కినంత చెప్పండి. "ఇరవై ఎనిమిది దగ్గర ఆగిపోయా" అని చెబితే ఎవరూ వెనక్కి అడగరు.

## ఎక్కే రోజు

హైదరాబాదుకు ఎప్పుడు బయల్దేరాలి?

ఒక రోజు ముందు చేరేలా. నారాయణాద్రి, వెంకటాద్రి రాత్రి రైళ్లు, బెర్తు దొరికితే కాళ్లు చాచుకోవచ్చు. వందేభారత్ పగటి బండి, గంటలకొద్దీ కూర్చోవాలి కాబట్టి మధ్యమధ్య లేచి నడవండి. రైలు దిగి నేరుగా మెట్ల దగ్గరికి పోవాలన్న ఆలోచన మానుకోండి.

పొద్దున ఏం తినాలి?

రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు. రోజూ తినేదే తినండి. హైదరాబాదు వచ్చాం కదా అని ముందు రాత్రి బిర్యానీ పట్టు పట్టొద్దు, ఎక్కాక రెండు పూటలూ తినొచ్చు.

మొదట వేగంగా పోయి తర్వాత తగ్గించొచ్చా?

అందరూ చేసేది అదే, అందరూ పన్నెండో అంతస్తులో గోడకు ఆనుకునేదీ అందుకే. మొదటి పది అంతస్తులు "ఇంత నెమ్మదిగానా" అనిపించాలి. ముప్పై దాటాక మిగిలిందంతా వాడేయండి. మధ్యలో ఆగాలంటే మెట్ల మీద ఆగకుండా ల్యాండింగ్‌లో బయటి వైపు గోడ పక్కకు జరగండి. రెయిలింగ్ వైపు వెనకవాళ్లు వస్తుంటారు.

ఎక్కాక గొంతు మండి పొడిదగ్గు వస్తుందంటున్నారు, నిజమేనా?

నిజమే, చాలామందికి వస్తుంది. మూసి ఉన్న మెట్ల దారిలో గాలి పొడిగా, దుమ్ముగా ఉంటుంది, నోటితో వేగంగా పీలుస్తాం. గోరువెచ్చని నీళ్లు తాగితే కొన్ని గంటల్లో పోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ జేబులోనే ఉంచుకోవాలి. పైన బ్యాగులో ఉందంటే లాభం లేదు.

ఏ లక్షణం కనిపిస్తే వెంటనే ఆగాలి?

ఛాతీలో బరువు, నొప్పి, అది ఎడమచేతికో దవడకో పాకడం, కళ్లు చీకట్లు కమ్మడం, గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం. వీటిలో ఏది వచ్చినా అక్కడే కూర్చోండి, దగ్గర్లోని వాలంటీరును పిలవండి, లేకపోతే 108కి ఫోన్ చేయించండి. "ఇంకో మూడంతస్తులే కదా" అని ఎక్కొద్దు. పక్కవాళ్లకు ఇలా అయితే మీ టైం వదిలేసి వాళ్ల దగ్గర ఉండండి.

## ఎక్కేశాక

మర్నాడు మెట్టు దిగలేకపోతున్నా. మామూలేనా?

మూడు రోజుల దాకా మామూలే. నెమ్మదిగా నడవండి, బాగా నీళ్లు తాగండి, గట్టిగా మర్దన చేయించొద్దు. నొప్పి బిళ్లలు ఖాళీ కడుపున మింగొద్దు. కాళ్లు బాగా వాచి, మూత్రం డికాక్షన్ రంగులో వస్తే మాత్రం అది మామూలు నొప్పి కాదు. దెబ్బతిన్న కండరం నుంచి వచ్చే పదార్థం మూత్రపిండాల మీద పడుతోందన్నమాట. అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

పైదాకా ఎక్కితే కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నా. ఎప్పుడు పోవచ్చు?

తొడల నొప్పి పూర్తిగా పోయాక, అంటే కనీసం వారం ఆగి. సామాను అలిపిరి దగ్గర అప్పగిస్తే దేవస్థానంవాళ్లు ఉచితంగా పైకి చేరుస్తారు. నీళ్ల ప్లాస్టిక్ సీసాలు తిరుమలలో నిషేధం కాబట్టి స్టీలు సీసా తీసుకెళ్లండి. పాదాల మండపం దగ్గర మెట్లోత్సవం (మెట్లకు పూజ చేసి భజనలతో కొండెక్కే ఉత్సవం) జరిగే రోజుల్లో జనం ఎక్కువగా ఉంటారు, అది కావాలనుకుంటే ఆ రోజే పోండి, వద్దనుకుంటే వేరే రోజు చూసుకోండి. ఎక్కేటప్పుడు నడవండి, దిగేటప్పుడు మాత్రం ఆర్టీసీ బస్సు.